ముచ్చటకు శ్లాబు లేదు

గత మూడు మాసాలుగా నేను ఒక కారు కోసం వెతుకుతున్నాను. ఇందులో పాఠకులకు ఆసక్తి కలిగించే విశేషమేమీ లేదు. ఢిల్లీలో స్థిరపడిన మధ్యతరగతి ఉద్యోగి పదవీ విరమణకు చేరువైనప్పుడు భవిష్యనిధిలో కొంత తీసి వాహనం కొనుక్కోవడం సర్వసాధారణం. అయితే నేను వెతుకుతున్న తరహా కారు ఈ దేశంలో ఏ షోరూములోనూ లేదు. ఎందుకు లేదని ఆరా తీస్తూ వెళ్లినకొద్దీ బడ్జెట్ ప్రసంగాలు, జీఎస్టీ మండలి తీర్మానాలు, సుప్రీంకోర్టు ఉత్తర్వులు, సింగూరు, లఖింపూర్ ఖేరీ ఒకదాని వెనక ఒకటి ఎదురయ్యాయి. ఇన్నేళ్లుగా నేను రాస్తూ వచ్చిన రాజకీయాలన్నీ ఒక కారు ఆకృతిలో ఇమిడి ఉన్నాయని అప్పుడు గ్రహించాను. కనుక ఇది కార్ల మీద వ్యాసమని భావించి పక్కన పెట్టవద్దని మనవి.

ముందు నేను కోరుకున్నదేమిటో చెప్పాలి. రెండే తలుపులు, నేలకు దగ్గరగా ఉండే కూర్చోబాటు, చేత్తో మార్చుకునే గేర్లు, వెనక చక్రాలకు అందే ఇంజను శక్తి, అన్నిటికీ మించి సామాన్య ఉద్యోగి భరించగలిగిన ధర. ఈ తరహా బండిని కూపే అంటారు. వెనక చక్రాల పట్టింపు దేనికని అడిగేవారికి మన వీధిలోని ఉదాహరణే చాలు. ఎద్దులబండిని ముందునుంచి లాగుతారు. తోపుడుబండిని వెనకనుంచి తోస్తారు. మనం నడిపే కార్లలో అత్యధికం ఎద్దులబండి పద్ధతివి. లాగే పనీ, దారి తిప్పే పనీ రెండూ ముందు చక్రాలవే. ఇంజనును అడ్డంగా అమర్చి, వెనకకు పోయే ఇరుసు గొట్టాన్ని తీసివేస్తే లోపల చోటు పెరుగుతుంది, తయారీ ఖర్చు తగ్గుతుంది. 1959లో బ్రిటన్‌లో వచ్చిన మినీ ఈ అమరికకు ప్రాచుర్యం తెచ్చింది. 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ చేతుల మీదుగా మొదటి తాళం చెవి అందుకున్న మారుతి 800 దాన్ని మన ఇళ్లకు తెచ్చింది. అంతకుముందు మనం ఎరిగిన అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని రెండూ వెనక చక్రాల బండ్లే.

వెనక చక్రాల బండిలో పని విభజన జరుగుతుంది. ముందువి దారి చూపుతాయి, వెనకవి తోస్తాయి. వేగం పెంచినప్పుడు బరువు సహజంగా వెనకకు ఒరుగుతుంది గనుక తోసే చక్రాలకే నేల మీద పట్టు పెరుగుతుంది. స్టీరింగు మీద ఇంజను పెత్తనం ఉండదు. రహదారి ఏం చెబుతున్నదో అరచేతులకు తెలుస్తుంది. ఇది గంటకు 200 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోయేవారికే దక్కే అనుభవం కాదు. 50, 60 కిలోమీటర్ల వేగంలో, ఒక మంచి మలుపులో ఎవరికైనా అందుతుంది.

నాకు అందినది టెక్సాస్‌లో, ఆస్టిన్ నగరానికి పడమరన ఉన్న కొండదారిలో. మా మేనల్లుడు అక్కడ ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది, కొత్త కారోలా ధర కంటే తక్కువకు, ఎవరో వాడిన టయోటా 86 కొనుక్కున్నాడు. 2012లో వచ్చిన ఈ బండికి ఆ పేరు పెట్టడానికి గల కారణాల్లో ఇంజను సిలిండరు వ్యాసం, పిస్టను కదిలే దూరం రెండూ 86 మిల్లీమీటర్లే కావడం ఒకటి. రెండు లీటర్ల ఇంజను, దాదాపు 200 అశ్వశక్తి. వాడు తాళం నా చేతిలో పెట్టి, "మావయ్యా, మలుపులోకి వెళ్లేముందే వేగం తగ్గించండి. సగం దాటాక మెల్లగా యాక్సిలరేటరు నొక్కండి. మిగతా సంగతి బండే చూసుకుంటుంది" అన్నాడు. చూసుకుంది. ఆ మలుపు తర్వాత మరో మలుపు కోసం ఎదురుచూశాను. ఎన్నో ఏళ్లుగా స్టీరింగు పట్టినవాణ్ని. గమ్యంతో నిమిత్తం లేకుండా ప్రయాణించాలని అనిపించడం అదే మొదలు.

తెలుగులో ఇటువంటి కోరికకు చక్కటి మాట ఉంది: ముచ్చట. కోస్తాలో పెరిగిన నాకు ముచ్చట అంటే చిన్నపాటి, అపాయం లేని, నలుగురికీ చెప్పుకోదగిన ఇష్టం. తెలంగాణలో ముచ్చట అంటే మాటామంతీ. అవసరం తీరాలంటే డబ్బు కావాలి. విలాసం తీరాలంటే చాలా డబ్బు కావాలి. ముచ్చట ఈ రెంటికీ నడుమ ఉంటుంది. అమ్మాయికి పట్టులంగా కుట్టించడం, వేసవిలో అరకు వెళ్లి రావడం, రెండు తలుపుల కారు నడపడం ఆ కోవలోవే. మన పన్నుల చట్టంలో అవసరానికి ఒక గడి ఉంది, విలాసానికి ఒక గడి ఉంది. ముచ్చటకు గడి లేదు. నేను వెతుకుతున్న కారు దొరకకపోవడానికి మూలం అక్కడ ఉందని నా అభిప్రాయం.

మన దేశంలో వెనక చక్రాల వాహనాలకు కొదవ ఉందని ఎవరైనా అంటే అది తప్పు. వీధిలోని ఆటో వెనక చక్రాలతోనే నడుస్తుంది. కూరగాయలు తెచ్చే టాటా ఏస్, పల్లెటూరి బొలేరో, 2019 దాకా తయారైన మారుతి ఆమ్నీ, దాని తర్వాతి ఈకో అన్నీ అటువంటివే. బరువు మోయాల్సిన చోట వెనక చక్రాలు తోయడమే మేలు. అంటే ఈ దేశంలో చవకైన వెనక చక్రాల బండి శ్రమ చేసేవాడి బండి. ఆ అమరికే ఆనందం కోసం కావాలంటే ధర ఒక్కసారిగా ఆకాశానికి ఎగబాకుతుంది. 1964 ఏప్రిల్‌లో ఫోర్డ్ మస్టాంగ్ విడుదలైనప్పుడు అమెరికాలో దాని ప్రారంభ ధర 2,368 డాలర్లు. ఫ్యాక్టరీ కార్మికుడు, బడి పంతులు, కొత్తగా ఉద్యోగంలో చేరిన యువతి కొనుక్కోగల స్పోర్ట్స్ కారుగా అది చరిత్రకెక్కింది. అదే మస్టాంగ్ 2016లో భారతదేశానికి అధికారికంగా వచ్చినప్పుడు ఢిల్లీలో దాని షోరూము ధర 65 లక్షల రూపాయలు. సముద్రం దాటేసరికి సామాన్యుడి ముచ్చట సినిమా నటుడి విలాసంగా మారిపోయింది.

ఇక్కడ నానోను స్మరించుకోకపోతే అన్యాయం. 2009లో వచ్చిన టాటా నానో ఇంజను వెనకనే, చోదకశక్తి అందేదీ వెనక చక్రాలకే. ఆ ఒక్క విషయంలో అది పోర్షే 911కు దూరపు చుట్టం. రెండు సిలిండర్ల, 624 సీసీ ఇంజనుతో, నాలుగు తలుపులతో, లక్ష రూపాయల కారుగా దాన్ని ప్రకటించారు. దాని కర్మాగారం కోసం సింగూరులో జరిగిన భూసేకరణ ఒక మహా ఉద్యమానికి కారణమైంది. 2008 అక్టోబరులో టాటాలు సింగూరును విడిచి గుజరాత్‌లోని సాణంద్‌కు తరలిపోయారు. 2011లో పశ్చిమబెంగాల్‌లో 34 ఏళ్ల వామపక్ష పాలన ముగిసింది. ప్రభుత్వాన్ని కూల్చిన కారణాల్లో ఒకటైన కారు మాత్రం 2018 తర్వాత తయారు కాలేదు. చవకైన కారు అన్న ముద్రే దానికి చేటు చేసిందని రతన్ టాటాయే తర్వాత అంగీకరించారు. స్కూటరు మీద నలుగురిని మోస్తున్న కుటుంబానికి అది అవసరం తీర్చగలిగేది. కాని ఆ కుటుంబం కోరుకున్నది అవసరంతో పాటు కాసింత గౌరవం, కాసింత ముచ్చట. ఆ సంగతి మన విధానకర్తలకే కాదు, పారిశ్రామికవేత్తలకూ ఆలస్యంగానే అర్థమైంది.

ఇక చట్టం సంగతి. 2006 బడ్జెట్‌లో ఆర్థికమంత్రి చిదంబరం చిన్న కార్ల మీద ఎక్సైజ్ సుంకాన్ని 24 నుంచి 16 శాతానికి తగ్గించారు. చిన్న కారు అంటే పొడవు 4,000 మిల్లీమీటర్లకు మించరాదు. పెట్రోలు ఇంజను 1,200 సీసీకి, డీజిల్ ఇంజను 1,500 సీసీకి మించరాదు. ఉద్దేశం మంచిదే. చిన్న కార్ల తయారీకి భారతదేశం కేంద్రం కావాలన్నది లక్ష్యం. ఫలితం మాత్రం దర్జీలకు బదులు పన్నుల అధికారులు బట్ట కత్తిరించినట్లయింది. 2008లో ఇండిగో కారు వెనకభాగాన్ని కుదించి నాలుగు మీటర్లలో ఇమిడ్చారు. 2012లో డిజైర్ డిక్కీని తెగ్గోసి 3,995 మిల్లీమీటర్లకు తెచ్చారు. శ్రీసత్యసాయి జిల్లాలో, పెనుకొండ దగ్గరి కియా కర్మాగారంలో తయారయ్యే సోనెట్ పొడవు కూడా సరిగ్గా 3,995 మిల్లీమీటర్లే. మన కార్లెన్నో ఇలా ఒకే గీత దగ్గర ఆగిపోయి కనిపిస్తాయి.

2017 జులై 1న జీఎస్టీ వచ్చినా ఆ గీత చెరగలేదు. 28 శాతం పన్నుకు తోడు రకరకాల సెస్సులుగా కొనసాగింది. 2025 సెప్టెంబరు 22 నుంచి సెస్సులు పోయి రెండే గడులు మిగిలాయి. ఆ కొలతల్లో ఇమిడే కార్లకు 18 శాతం, మిగిలిన వాటికి 40 శాతం. విద్యుత్ కార్లకు, అవి ఎంత పెద్దవైనా, ఎంత ఖరీదైనవైనా, 5 శాతమే.

ఈ గీతలను నా ముచ్చటకు అన్వయించి చూశాను. జపాన్‌కు చెందిన మాజ్దా కంపెనీ 1989 నుంచి తయారుచేస్తున్న ఎంఎక్స్-5 అనే వెనక చక్రాల చిన్న కారు ఉంది. 2016 నాటికే అది పది లక్షలు తయారైంది. ప్రస్తుత నమూనా పొడవు 3,915 మిల్లీమీటర్లు. నాలుగు మీటర్ల పరీక్ష నెగ్గుతుంది. దాని చిన్న ఇంజను 1,496 సీసీ. పెట్రోలు పరీక్షలో 296 సీసీ తేడాతో తప్పుతుంది. అది ఇక్కడే తయారైనా రెండు టన్నులు దాటిన ఎస్‌యూవీతో సమానంగా 40 శాతం కట్టాల్సిందే.

మరి రెండు తలుపులు, వెనక చక్రాలు, పది లక్షల ధర, ఈ మూడూ కలిసిన బండి ఏదీ ఈ గీతల్లో ఇమడదా? ఒకటి ఇమిడింది. 2023 జనవరిలో 9.99 లక్షల ప్రారంభ ధరతో వచ్చిన వెనక చక్రాల మహీంద్రా థార్. పొడవు 3,985 మిల్లీమీటర్లు, డీజిల్ ఇంజను 1,497 సీసీ. గీతకు పొడవులో 15 మిల్లీమీటర్లు, ఇంజనులో 3 సీసీ ఇవతల నిలబడింది. నాకు ఒక్కసారిగా విషయం బోధపడింది. సామాన్యుడికి అందే రెండు తలుపుల వెనక చక్రాల బండి భారతదేశంలో లేకపోలేదు. మన పన్నుల చట్టంలోంచి బయటికి వచ్చేటప్పుడు అది కూపే ఆకృతి పోగొట్టుకుని, నిటారుగా నిలబడిన పెట్టె ఆకృతి దాల్చింది.

థార్ మీద నాకు ద్వేషం లేదు. కొండల్లో, మట్టిదారుల్లో దానికి సాటి లేదు. కాని ఉత్తర భారత రహదారుల మీద అది మోస్తున్న అర్థం వేరు. వెనకనుంచి ఎత్తుగా దూసుకొస్తే ముందున్నవారు తప్పుకోవాలన్న ధోరణి ఆ ఎత్తులోనే ఉంది. 2021 అక్టోబరు 3న లఖింపూర్ ఖేరీలో నిరసన తెలుపుతున్న రైతుల మీదికి దూసుకెళ్లిన వాహనశ్రేణిలో థార్ ఉంది. ఆనాటి ఘటనల్లో నలుగురు రైతులు, ఒక పాత్రికేయుడు సహా ఎనిమిదిమంది మరణించారు. వృత్తిరీత్యా ఆ వార్తను రోజుల తరబడి వెంటాడినవాడిగా ఆ బండి తాళం చేతికి తీసుకోవడం నావల్ల కాదు. ఇందులో బండి దోషం లేదు. నా మనసు సంగతి మాత్రమే చెబుతున్నాను.

దిగుమతి చేసుకోవచ్చు కదా అనేవారికి చిన్న లెక్క. ఓడరేవుకు చేరేసరికి 25 లక్షలయ్యే కారును ఊహించండి. 2023 బడ్జెట్‌లో 60 నుంచి 70కి పెంచిన కస్టమ్స్ సుంకంతో అది 42.5 లక్షలవుతుంది. దానిపై 40 శాతం జీఎస్టీతో 59.5 లక్షలు. ఆపైన విక్రేత లాభం, రిజిస్ట్రేషను, బీమా. "పోనీ నా బండే పంపించనా మావయ్యా?" అని మేనల్లుడు నవ్వుతూ అడిగాడు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 120వ సెక్షను ఎడమవైపు స్టీరింగు బండ్లను సాధారణంగా అనుమతించదు. వాడినవైతే మూడేళ్లకు మించి పాతవి కారాదన్న దిగుమతి నిబంధన వేరే ఉంది.

సుంకాలే వద్దనే వాదన నాది కాదు. దక్షిణాసియాలో కారు దిగుమతి ఎప్పుడూ డాలర్ల సమస్యే. విదేశీ మారకద్రవ్యం అడుగంటుతున్న వేళ శ్రీలంక 2020 మార్చిలో వాహనాల దిగుమతిని ఆపేసింది. ప్రైవేటు కార్లకు తిరిగి తలుపు తెరిచింది 2025 ఫిబ్రవరిలో. 1991లో బంగారం తాకట్టు పెట్టిన దేశానికి ఆ భయం అర్థం కానిది కాదు. నన్ను ఆలోచింపజేసేది మరొకటి. 2025 జులై 24న బ్రిటన్‌తో సంతకం చేసిన వాణిజ్య ఒప్పందం ప్రకారం అక్కడి కార్ల మీద వంద శాతానికి మించిన సుంకం, కోటా పరిమితికి లోబడి, దశలవారీగా 10 శాతానికి దిగుతుంది. బ్రిటన్ నుంచి మనకు వచ్చేవి ప్రధానంగా సంపన్నుల కార్లే. తలుపు తెరిచినప్పుడు మొదట లోపలికి నడిచేది విలాసమే. ముచ్చట వంతు ఎప్పుడూ చివరే.

పాత బండి కొందామని కరోల్‌బాగ్ చుట్టుపక్కల తిరిగాను. 1984 నుంచి 2002 దాకా హిందుస్థాన్ మోటార్స్ తయారుచేసిన కాంటెస్సా కూపే కాకపోయినా వెనక చక్రాల బండే. పొడవైన ముక్కుతో నా యౌవనాన్ని ఊరించిన రూపం. కాని ఢిల్లీ పరిసరాల్లో 15 ఏళ్లు దాటిన పెట్రోలు బండి తిరగరాదని జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పింది. 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. 2025 ఆగస్టులో కేవలం వయసు కారణంగా బలవంతపు చర్యలు వద్దని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. వాయిదా వాయిదాకూ మారగల భరోసాను నమ్మి భవిష్యనిధిని పెట్టుబడి పెట్టడం వివేకం కాదు. మరోవైపు 2021 జులైలో కేంద్రం పురాతన వాహనాలకు ప్రత్యేక రిజిస్ట్రేషను ఏర్పాటు చేసింది. అందుకు బండి వయసు 50 ఏళ్లు దాటాలి. అయినా దాన్ని నిత్యం రోడ్డు మీద నడపకూడదు. అంటే రాజధానిలో ఒక కారు 15వ ఏట మరణించి 50వ ఏట వారసత్వ సంపదగా పునర్జన్మ ఎత్తుతుంది. నడుమ 35 ఏళ్లు దాన్ని ఎక్కడ దాచాలో ఏ గెజిట్టూ చెప్పదు. నిషేధం వెనకనున్న గాలి కాలుష్యం మాత్రం బూటకం కాదు. నవంబరులో ఇక్కడి గాలి పీల్చే ఎవరూ దాన్ని తేలికగా కొట్టివేయలేరు.

ఇప్పుడు అసలైన అభ్యంతరానికి వద్దాం. ఇలాంటి దేశంలో, ఇలాంటి కోరిక గురించి రాయడం తగునా? 2022లో మన రహదారుల మీద 1,68,491 మంది మరణించారు. వారిలో దాదాపు 44 శాతం ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారు. 32,825 మంది పాదచారులు. మరణాల్లో నూటికి 70కి పైగా అతివేగం ఖాతాలో నమోదయ్యాయి. ఈ అంకెలు ముందు పెట్టుకుని స్పోర్ట్స్ కారు మాట ఎత్తడానికి ఎవరైనా సంకోచించాలి. నేనూ సంకోచించాను. కాని అంకెలు చెప్పేది శ్రద్ధగా వింటే, వాటి నుంచి వచ్చే విధానం ఇప్పుడున్న విధానం కాదు. నడిచిపోయే మనిషిని ఢీకొన్నప్పుడు ప్రాణాలు నిర్ణయించేవి బండి వేగం, బరువు, ముందుభాగం ఎత్తు. ఎంఎక్స్-5 బరువు సుమారు 1,050 కిలోలు. టయోటా 86 తర్వాతి తరం జీఆర్ 86 బరువు సుమారు 1,270 కిలోలు. రెంటి ముక్కూ నేలబారుదే. వాటికి రెట్టింపు బరువుతో, మనిషి ఛాతీ ఎత్తున ముక్కు పెట్టుకుని తిరిగే బండ్లు మన నగరాలను నింపుతున్నాయి.

పన్ను ఈ తేడాను చూడటం లేదు. ఒకప్పుడు ఎస్‌యూవీని గుర్తించడానికి జీఎస్టీ మండలి నాలుగు లక్షణాలు చెప్పింది: ఇంజను 1,500 సీసీ మించడం, పొడవు నాలుగు మీటర్లు మించడం, నేలకు 170 మిల్లీమీటర్లు లేదా అంతకు మించిన ఎత్తు, జనం దాన్ని ఎస్‌యూవీ అని పిలవడం. జనం నోటి మాటకు చట్టంలో స్థానం దొరకడం ప్రజాస్వామ్యవాదిగా నాకు ముచ్చట గొలిపింది. అప్పట్లో పెద్ద కార్లకు మొత్తం పన్ను 48 శాతమైతే ఎస్‌యూవీలకు 50. ఇప్పుడు ఆ రెండు శాతం తేడా కూడా మాసిపోయింది. ఫ్రాన్స్‌లో 2022 నుంచి బరువైన కార్ల మీద అదనపు రుసుము ఉంది. జపాన్‌లో బరువును బట్టి వేసే పన్ను దశాబ్దాలుగా ఉంది. పొడవును, ఇంజను పరిమాణాన్ని కాక బరువును, పొగను కొలిస్తే, తేలికపాటి చిన్న కూపే తనంతట తానే మధ్యగడిలో పడుతుంది. రాయితీ అక్కర్లేదు. తూకపురాయి సరైనదైతే చాలు.

నేరమంతా చట్టానిదేనని తీర్పు చెప్పి ముగిస్తే తేలికగా ఉండేది. కాని వెతుకులాటలో నా వాదనకు ఎదురు తిరిగే సాక్ష్యం ఒకటి దొరికింది. 2017 మార్చిలో జెనీవా ప్రదర్శనలో టాటా మోటార్స్ రేస్‌మో అనే రెండు సీట్ల కూపేను ఆవిష్కరించింది. ఇంజను మధ్యలో, చోదకం వెనక చక్రాలకు, 190 అశ్వశక్తి. పొడవు నాలుగు మీటర్లలోపు, ఇంజను 1.2 లీటర్లు. అంటే మన చట్టంలో ఉన్న ఏకైక తాళపు రంధ్రానికి సరిపోయేలా చెక్కిన తాళం చెవి అది. చిన్న కార్ల పన్నే పడే కొలతలు. అయినా అది ఉత్పత్తి దాకా రాలేదు. ఆ ఏడాదే ప్రాజెక్టును పక్కన పెట్టారు. కంపెనీకి డబ్బు అవసరమైన చోట్లు అంతకంటే ముఖ్యమైనవి ఉన్నాయి. కొనేవారు తగినంతమంది ఉంటారన్న నమ్మకం లేదు. కనుక ప్రభుత్వం గీసిన గీతతో పాటు మనం గీసుకున్న గీత కూడా ఒకటి ఉంది.

ఆ గీత ఎక్కడ ఉందో నాకు మా ఇంట్లోనే తెలిసింది. వాడిన జర్మన్ బండి ఒకటి, రెండు తలుపులది, నా బడ్జెట్‌కు కొంచెం అటూ ఇటూగా దొరికింది. మా ఆవిడకు బొమ్మ చూపించాను. ఆమె కాసేపు చూసి, "బాగుందండీ. అత్తయ్యగారు ఎక్కడ కూర్చుంటారు?" అంది. అమ్మకు 84 ఏళ్లు. మోకాళ్లు వంగవు. ముందు సీటు మడిచి వెనకకు దూరడం మాట అలా ఉంచి, నేలకు అంత దగ్గరగా ఉన్న ముందు సీట్లోంచి లేవడమే ఆమెకు అసాధ్యం. నెలకు రెండుసార్లు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. థార్ మాట ఎత్తుదామంటే దానికీ రెండు తలుపులే; అది ఎక్కాలంటే నిచ్చెన కావాలి. బ్రిటన్‌లో రెండు తలుపులతో పుట్టిన హెరాల్డ్ కారుకు మద్రాసు స్టాండర్డ్ కంపెనీవారు భారతీయుల కోసం మరో రెండు తలుపులు పెట్టడంలోని లోకజ్ఞానం నాకు ఆ పూట అర్థమైంది. మన దగ్గర కారు ఒక మనిషిది కాదు, ఇంటిది. రెండు తలుపుల బండి నేనొక్కణ్నే అని ప్రకటిస్తుంది. ఆ ప్రకటన చేయడానికి నాకు ఇంకా సమయం రాలేదు.

ఆ విషయం విన్న అమ్మ మాత్రం, "నా గురించి ఆగకు నాయనా. ఆటోలో వెళ్తాను. నీకు ముచ్చటైంది కొనుక్కో" అంది. చిత్రమేమంటే ఆటో కూడా వెనక చక్రాల బండే.

నేను కొనలేదు. పాత హ్యాచ్‌బ్యాక్‌కే కొత్త టైర్లు వేయించాను. ఇందులో బాధేమీ లేదు. అమ్మ కోసం ఒకటి వదులుకోవడం నా ఇష్టపూర్వక నిర్ణయం. దానికి కారణం నాకు తెలుసు, విలువ తెలుసు. చట్టంలోని ఒక షెడ్యూలు కారణంగా ఒకటి లేకపోవడం అటువంటిది కాదు. అక్కడ ఎవరూ దేన్నీ వదులుకోవడం లేదు. వదులుకునే అవకాశాన్నే ఎవరో ముందుగా తీసుకున్నారు. వద్దనుకోవడానికైనా వస్తువు ఎదురుగా ఉండాలి కదా.

వచ్చే బడ్జెట్ రోజున ఎప్పటిలాగే ఏది పెరిగింది, ఏది తగ్గింది అన్న జాబితాలు వెలువడతాయి. పాఠకులు ఆ జాబితాను చదివేటప్పుడు ఒక్క ప్రశ్న వేసుకోవాలని నా కోరిక. మీ ముచ్చట కారు కాకపోవచ్చు. వీణ కావచ్చు, కెమెరా కావచ్చు, టెలిస్కోపు కావచ్చు. అవసరమా, విలాసమా అన్న రెండు గడుల్లో దాన్ని ఎక్కడ పడేశారో చూడండి. పడేసినవారు దాన్ని ఏ కొలబద్దతో కొలిచారో అడగండి. ఆ ప్రశ్న అడగడానికి వెనక చక్రాల కారు అక్కర్లేదు, ఓటు ఉంటే చాలు.